ఫోటో కోసం ఎత్తిన టమాటా క్రేటు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నన్ను కుప్పం నుంచి మదనపల్లెకు బదిలీ చేశారు. హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. మా శాఖలో మెట్లు మూడు. చేరగానే సివిల్ అసిస్టెంట్ సర్జన్, తల నెరిసేటప్పటికి డిప్యూటీ సివిల్ సర్జన్, ఆ నెరిసిన జుట్టు కూడా ఊడాక సివిల్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది కదా అని అందరూ కత్తి పట్టేవాళ్ళనుకోకూడదు; పిల్లల డాక్టరుకూ, కంటి డాక్టరుకూ అవే హోదాలు. నేను మాత్రం నిజంగా కోసి కుట్టేవాణ్ణే. అప్పటికి రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది. ఆసుపత్రి పేరు రాయను. అక్కడి సిబ్బంది నన్ను చూసి నవ్వుకున్నది చాలు, మళ్ళీ గుర్తు చేయడమెందుకు.

నా ఉద్యోగంలో ఎక్కువ భాగం హెర్నియాలతోనే గడిచింది. మొదట పుంగనూరులో పనిచేశాను. పుంగనూరు ఆవు పొట్టిదని అందరూ ముచ్చట పడతారు గాని, దాని కోసం మనిషి నెత్తిన మోసే గడ్డిమోపు పొట్టిదేమీ కాదు. తర్వాత కుప్పంలో గ్రానైటు రాళ్ళు, మదనపల్లెలో టమాటా. మూడు ఊళ్ళలో మూడు రకాల బరువులు, జబ్బు ఒకటే. పొత్తికడుపు గోడలో గజ్జల దగ్గర పుట్టుకతోనే పలచని చోటు ఉంటుంది. ముక్కుతూ బరువులు ఎత్తినా, ఏళ్ళ తరబడి దగ్గినా, మలబద్ధకంతోనో మూత్రం సరిగా రాకనో రోజూ ముక్కినా, లోపలి ఒత్తిడి ఆ చోటు మీదే పడుతుంది. పాత గోనెసంచిలో కుట్టు వదిలినచోట వడ్లు పొడుచుకొచ్చినట్టు, అక్కడి నుంచి పేగు బయటికి తోసుకొస్తుంది. పడుకుంటే లోపలికి పోతుంది, లేస్తే దిగుతుంది. జనం దీన్ని పేగు జారడం అంటారు. సిగ్గుపడేవాళ్ళు "ఆడ గడ్డ ఉండాది సారూ" అని గోడ వైపు చూస్తారు. దీన్ని నయం చేసే మాత్ర లేదు, పసరు లేదు, పట్టీ లేదు. సందును సరిచేసి, పైన సన్నని వల పరిచి కుట్టాలి. ఆ వలను మేం మెష్ అంటాం. చూడడానికి దోమతెర ముక్కలా ఉంటుంది.

కుప్పంలో మునెప్ప అనే రాతి పనివాడు ఉండేవాడు, వెంకటగిరికోట వైపు మనిషి. ఆపరేషన్ చేయించుకోమని ఎన్నిసార్లు చెప్పినా తలూపి, తుండుగుడ్డను నడుముకూ గజ్జకూ బిగించి కట్టుకుని పనికి పోయేవాడు. ఒకసారి దిగిన పేగు లోపలికి పోలేదు. సందులో ఇరుక్కుని, రక్తం అందక నల్లబడింది. వాంతులు మొదలయ్యాక కూడా అతను గుడ్డను ఇంకాస్త బిగించాడే గాని ఆసుపత్రికి రాలేదు. వచ్చేటప్పటికి ఆలస్యమైపోయింది. నేను కడుపు తెరిచి చేయగలిగిందంతా చేశాను, అతను దక్కలేదు. చాలా రోజులు నాకు కోపం పోలేదు. ఎవరి మీదో తెలియని కోపం. దాన్ని ఉపన్యాసాల మీదికి మళ్ళించాను. బరువు మోసేవాడు కనిపిస్తే చాలు, ఆపి మరీ క్లాసు పీకేవాణ్ణి.

మదనపల్లె టమాటా మార్కెట్టులో క్రేట్లను ఎత్తి లారీలకు లోడు చేసేది హమాలీల ముఠా. వాళ్ళు జతలు జతలుగా పనిచేస్తారు. కింద ఇద్దరు చెరో వైపు పట్టి పైకి ఊపితే, లారీ మీద ఉన్నవాడు అందుకుని పేరుస్తాడు. ఆ ఇద్దరి ఊపూ కలవాలి, ఊపిరీ కలవాలి. జతలో ఒకడు పనికి రాకపోతే మేస్త్రీ రెండోవాడికి ఇంకొకణ్ణి కలుపుతాడు. ఆ కొత్త జత కుదిరిందంటే పాతవాడి చోటు పోయినట్టే. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, ముఠాలో అందరికీ తెలిసిన నియమం.

మార్కెట్టువాళ్ళను అడిగి ఒక రోజు అవగాహన సదస్సు పెట్టించాను. బయలుదేరుతుంటే మా ఆవిడ సుగుణమ్మ ఒకే మాట చెప్పింది. ఆమె అప్పుడు ఒక మిషన్ స్కూల్లో హెడ్మిస్ట్రెస్. "చెప్పి రండి చాలు. ఎత్తి చూపించొద్దు. ఇంట్లో గ్యాస్ బండ మార్చాలంటే పక్కింటి శీనయ్యను పిలుస్తారు మీరు," అంది. నేను విననట్టు చెప్పులు తొడుక్కున్నాను.

లారీల నీడలో ముఠా అంతా కూర్చుంది. బరువు ఎత్తే పద్ధతి చెప్పాను. బరువుకు దగ్గరగా పోయి నిలబడాలి, దూరం నుంచి వంగి లాగకూడదు. నడుము కాదు, మోకాళ్ళు వంచాలి. బరువును ఒంటికి ఆనించి పట్టుకుని, ఊపిరి వదులుతూ లేవాలి. ఊపిరి బిగబట్టి ముక్కితే ఒత్తిడంతా గజ్జల మీదికి దిగుతుంది. ఎత్తాక పక్కకు తిరగాలంటే పాదాలతో తిరగాలి, నడుము మెలితిప్పకూడదు. బీడీ దగ్గు ఉన్నవాడు బీడీ మానాలి, విరేచనం సాఫీగా కానివాడు ఆకుకూరలూ నీళ్ళూ పెంచాలి. ఎంత పద్ధతిగా ఎత్తినా, ఇద్దరు మోయాల్సింది ఒక్కడే మోయకూడదు. బాగానే చెప్పాను. అక్కడితో ఆపి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

"ఎత్తి సూపిచ్చు సారూ," అన్నాడు వెనక నుంచి ఎవడో.

ముందు వరసలో ఉన్న ఒక హమాలీ లేచి ఖాళీ క్రేటు తెచ్చి నా ముందు పెట్టాడు. పేరు రెడ్డెప్ప. నిమ్మనపల్లె దగ్గరి పల్లె. నలభై దాటినవాడు, మనిషి సన్నం, భుజాలు మాత్రం గట్టివి. "ఖాళీది ఎత్తు సాలు సారూ. నీకు అలవాటు లేదు గదా," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది. నిండు క్రేటే పెట్టమన్నాను.

కూర్చున్నాను, పట్టుకున్నాను, లేచాను. అంతవరకూ శాస్త్రప్రకారమే జరిగింది. అప్పుడు పత్రికా విలేకరి ఒకతను పక్క నుంచి, "సార్, ఇటు చూడండి, ఒక్క ఫోటో," అన్నాడు. ఆ రోజుల్లో నేను ఎక్కడికి పోయినా నా పొట్ట నాకంటే ముందు చేరేది. ఫోటో అనగానే ఊపిరి బిగబట్టి దాన్ని లోపలికి లాగాను. పాదాలు కదపకుండా నడుము మాత్రం అతని వైపు మెలితిప్పాను. నవ్వాను కూడా. అతను "ఇంకొక్కటి సార్" అన్నాడు. కాసేపటి కిందట ఏమేం చేయకూడదని చెప్పానో అవన్నీ ఒక్కసారిగా చేస్తూ, నిండు క్రేటుతో అలాగే నిలబడ్డాను. కుడి గజ్జలో సబ్బుబిళ్ళ జారినట్టు ఏదో జారింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇంటికి పోయి స్నానాలగది తలుపు వేసుకున్నాను. హెర్నియా పరీక్ష చాలా సులువు. మనిషిని నిలబెట్టి, గజ్జ మీద వేలు పెట్టి దగ్గమంటాం. లోపలి నుంచి పేగు వచ్చి వేలికి తగిలితే జబ్బు ఉన్నట్టు. ఇన్నేళ్ళు మూడు ఊళ్ళ జనం చేత దగ్గించినవాణ్ణి, ఆ రోజు నన్ను నేనే దగ్గమన్నాను. తగిలింది. నమ్మబుద్ధి కాక మళ్ళీ దగ్గాను. బయట నుంచి సుగుణమ్మ, దగ్గు మందు అలమారలో ఉందని కేకేసింది. ఆ చోటు ఎన్నేళ్ళుగానో పలచబడుతూ వచ్చి ఉంటుంది, క్రేటు ఒక నెపం మాత్రమే అని నాకు నేను చెప్పుకున్నాను. వైద్యశాస్త్రం ప్రకారం అది నిజమే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందన్నదీ నిజమే.

మర్నాడు పత్రికలో ఫోటో వచ్చింది. బరువు ఎత్తడంలో మెళకువలు చూపుతున్న వైద్యుడు అని కింద రాశారు. హమాలీలు దాన్ని కత్తిరించి మార్కెట్టు టీకొట్టు గోడకు అంటించారని తర్వాత తెలిసింది.

ఇలాంటి రోగి నా దగ్గరికి వస్తే, ఆపరేషన్ చేయించుకో, నాన్చొద్దు అనేవాణ్ణి. నా వంతు వచ్చేసరికి బెల్టు కొనుక్కోవాలనిపించింది. గజ్జ మీద మెత్త ఆనించి నడుముకు బిగించే పట్టీ అది. పేగును అదిమి పెడుతుందే గాని సందు మూయదు. పేగు బయట ఉండగా దాని మీద బిగిస్తే ప్రమాదం కూడా. రోగుల దగ్గర నుంచి అలాంటి బెల్టులు చాలా లాక్కుని చెత్తబుట్టలో వేశాను. మదనపల్లెలో కొంటే ఊరంతా తెలుస్తుందని, పాత స్నేహితులను చూసొస్తానని ఇంట్లో చెప్పి, ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక బస్సెక్కి కుప్పం పోయాను. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన మందుల షాపు ఒకటి కనిపించింది. నన్ను ఎరిగినవాళ్ళు ఉండరనే ధైర్యంతో లోపలికి పోయి, గొంతు తగ్గించి బెల్టు అడిగాను.

షాపతను కౌంటరు దూకినంత పని చేశాడు. "సార్! దేవసహాయం సార్ గదా! మా నాయనకు ఎర్నియా ఆపరేషన్ సేసింది మీరే గదా! ఇప్పుడు బెమ్మాండంగా ఉండాడు సార్. బెల్టు ఎవురికి సార్?"

"మా బావమరిదికి," అన్నాను.

"మీరుండంగా బెల్టు యాల సార్? మా నాయన కట్టుకోనొస్తే పీకి పారేసి, ఉరి నీకు నువ్వే బిగిచ్చుకుంటాండావు అని తిట్టినారు గదా!"

బావమరిది వట్టి మొండివాడని చెప్పాను. అతను పాపం మంచి రకం వెతికి తీసి, నడుము సైజు అడిగాడు. బావమరిది ఇంచుమించు నాలాగే ఉంటాడన్నాను.

బెల్టు కట్టుకుని డ్యూటీ చేయడం మొదలైన కొద్ది రోజులకు రెడ్డెప్ప ఓపీకి వచ్చాడు. తెర వెనక్కి తీసుకెళ్ళి చూస్తే, ఎడమ గజ్జలో పెద్ద గడ్డ, దాని మీద పేటలు పేటలుగా బిగించిన తుండుగుడ్డ. ఈ మధ్య గడ్డ ఊరికే లోపలికి పోవడం లేదని, మెల్లగా పడుకుని చాలాసేపు అదిమితే గాని పోదని చెప్పాడు. నాకు మునెప్ప కళ్ళ ముందుకొచ్చాడు. భయం వేసింది. ఇక ఒక్క వారం కూడా ఆగొద్దన్నాను.

"సీజన్ అయిపోనీ సారూ," అన్నాడు రెడ్డెప్ప. "నాకు జత నా బామ్మర్ది నరసింహులు. నేను మంచాన పడితే వానికి ఇంగొకడ్ని కలుపుతారు. వాళ్ళిద్దరికీ కుదిరిందంటే ఇంగ నేను యాడికి పోయేది?"

మనిషే లేకపోతే జత ఎక్కడిదని గొంతు పెంచాను. ఆ గుడ్డ విప్పి అవతల పారేయమన్నాను. అరిచేసరికి దగ్గుతెర వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతట అదే కుడి గజ్జ మీదికి పోయింది.

రెడ్డెప్ప ఆ చెయ్యినే చూశాడు. "నేనూ దగ్గేటప్పుడు ఆడే పెడతా సారూ చెయ్యి," అన్నాడు. "నీకూ ఉండాదా?"

ఈసారి చెప్పుకోవడానికి బావమరిది కూడా పనికిరాడు. తలూపాను. ఎప్పటి నుంచి అని అడిగితే, ఆ క్రేటు ఎత్తిన రోజు నుంచి అని ఒప్పుకున్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఖాళీది ఎత్తమంటి గదా సారూ," అన్నాడు, నిజంగా బాధపడుతూ. "అంత మంచి ఆపరేషన్ అయితే నువ్వు యాల సేపిచ్చుకోలా?" అన్నాడు.

ఆసుపత్రిలో నాతోపాటు ఇంకొక్క సర్జనే ఉందని, నేను పడుకుంటే పని ఆగిపోతుందని చెప్పాను. అది సాకు. ఆ ఇంకొక సర్జన్ డాక్టర్ మాధవి, చిన్నపిల్ల, కొత్తగా సర్వీసులో చేరింది. ఆమె ముందు బట్టలు విప్పి బల్ల మీద పడుకోవడం నాకు సిగ్గు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆమెకు హెర్నియా ఆపరేషన్ దగ్గరుండి నేర్పింది నేనే. నేను ఎలా నేర్పానో నాకు తెలుసు.

"సరే సారూ. నువ్వు సేపిచ్చుకున్న దినం నేనూ సేపిచ్చుకుంటా. ముందు నువ్వు," అని రెడ్డెప్ప తుండుగుడ్డ మళ్ళీ బిగించుకుని పోయాడు. అలా అతని ప్రాణం నా సిగ్గుకు ముడిపడింది. అది నాకు ఆ నిమిషమే అర్థమైంది. అయినా నేను వాయిదా వేశాను.

ఇంట్లో దాపరికం ఎక్కువ రోజులు సాగలేదు. బెల్టును ఉతికి దండెం మీద దుప్పటి చాటున ఆరేసేవాణ్ణి. సుగుణమ్మ దాన్ని పట్టుకుని, ఇది ఎవరిదని అడిగింది. అలవాటైన అబద్ధమే నోట్లోంచి వచ్చింది: "మీ తమ్ముడిది." ఆమె అప్పటికప్పుడు కలికిరిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, ఇంత జబ్బు పెట్టుకుని అక్కకు ఒక్క మాట చెప్పవేమిరా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫోన్ పెట్టేశాక నన్ను చూసిన చూపు గురించి రాయను. ఆపరేషన్ ఎప్పుడని అడిగింది. "సీజన్ అయిపోయాక," అన్నాను. "మీకేం సీజన్?" అంది ఆమె. "మీరేమైనా టమాటాలు పండిస్తున్నారా?"

ఒక మధ్యాహ్నం ఓపీ ముగుస్తుండగా నరసింహులు రెడ్డెప్పను ఆటోలో తీసుకొచ్చాడు. లారీ లోడు మధ్యలో గడ్డ దిగింది, ఎంత అదిమినా పోలేదు. వాంతి కూడా అయింది. చూస్తే గడ్డ రాయిలా బిగుసుకుని ఉంది, చెయ్యి వేయనివ్వడం లేదు. థియేటర్ సిద్ధం చేయమని మాధవికి చెప్పాను. పేగు ఇరుక్కుని ఎక్కువసేపు కాకపోతే, జ్వరం లేకపోతే, గడ్డ మీది చర్మం రంగు మారకపోతే, కోయడానికి ముందు ఒక ప్రయత్నం చేయవచ్చు. నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, మంచం కాళ్ళ వైపు ఎత్తు చేసి, గడ్డ మొదట్లో ఒక చెయ్యి, చివర ఒక చెయ్యి ఉంచి ఓపికగా అదమాలి. బలం వాడకూడదు. ఇంత బిగుసుకున్నదాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోనే కూడదు. చచ్చిన పేగును లోపలికి తోస్తే మనిషిని చేతులారా చంపినట్టే.

అదుముతూ కూర్చున్నాను. నా చెమట అతని పొట్ట మీద పడుతోంది. బెల్టు కింద నా పేగు కూడా నన్ను పొడుస్తోంది. నేను డ్యూటీలో ప్రార్థన చేసే మనిషిని కాను, ఆ రోజు మాత్రం లోపల్లోపల చేశాను. నా సిగ్గు వల్ల ఇతను పోతే ఆ మొహం ఎవరికి చూపించాలి అనుకున్నాను. చాలాసేపటికి చేతి కింద గుడగుడమని చప్పుడైంది. గడ్డ మెత్తబడి లోపలికి పోయింది. సర్జన్ చెవికి దాన్ని మించిన సంగీతం లేదు.

నొప్పి తగ్గగానే రెడ్డెప్ప లేచి కూర్చున్నాడు. "లారీ సగంలో ఉండాది సారూ, పోతాండాను," అన్నాడు.

నరసింహులు అతని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు. ఒకసారి ఇరుక్కున్న పేగు మళ్ళీ ఇరుక్కుంటుందని, అప్పుడు కూడా ఇలా లోపలికి పోతుందన్న నమ్మకం లేదని, ఆసుపత్రి దాటి పోవద్దని చెప్పాను. రెడ్డెప్ప వినలేదు. నా వైపు చూసి, "మరి నువ్వెప్పుడు సారూ?" అన్నాడు.

"రేపు పొద్దున," అన్నాను. "ముందు నేనే."

పక్కనే ఉన్న మాధవి, ఎవరికి సార్ ఆపరేషన్ అని అడిగింది. నాకేనన్నాను. ఎక్కడ అంది. ఇక్కడే అన్నాను. ఎవరు చేస్తారు అంది. నువ్వే అన్నాను. ఆమె మొహంలో నాకంటే ఎక్కువ భయం కనిపించింది. దాంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మరుక్షణమే ఆమె తేరుకుని, తెర వెనక్కి చూపించి, "సార్, రండి. నిలబడి దగ్గండి," అంది.

నిజానికి అత్యవసరం రెడ్డెప్పది గనుక లిస్టులో అతనే ముందుండాలి. అతన్ని వార్డులో ఏమీ తిననివ్వకుండా కనిపెట్టి ఉండాలని, గడ్డ మళ్ళీ దిగితే పంతాలన్నీ పక్కన పెట్టి అతన్నే ముందు తీసుకోవాలని మాధవి షరతు పెట్టింది. సరైన షరతే. అదృష్టం బాగుండి దిగలేదు. ఆ సాయంత్రం నాకూ అందరికీ చేసినట్టే రక్తపరీక్షలు, గుండె పరీక్ష చేశారు. ఇంటికి ఫోన్ చేసి చెబితే సుగుణమ్మ, "టమాటా సీజన్ అయిపోయిందా?" అని మాత్రం అడిగింది. వచ్చేటప్పుడు బైబిలూ, ఫ్లాస్కూ తెచ్చింది.

పొద్దున నడుములో మత్తు సూది వేసి, ఛాతీ దగ్గర అడ్డంగా తెర కట్టారు. మనిషికి తెలివి ఉంటుంది, కింద ఏం జరుగుతుందో కనిపించదు. రోగులకు అది మేలు. సర్జన్‌కు నరకం. కత్తెర చప్పుడును బట్టి ఎంతవరకు వచ్చిందో ఊహించుకుంటూ, అక్కడ ఒక నరం ఉంటుంది, జాగ్రత్తగా పక్కకు తీయి అన్నాను. మెష్ చివర ఎముక దాటి కాస్త ముందుకు రావాలి అన్నాను. మూడోసారి నోరు తెరిచేసరికి తెర అవతల నుంచి మాధవి, "సార్, బల్ల మీద ఉన్నవాళ్ళను మాట్లాడనివ్వొద్దని మీరే నేర్పారు," అంది. మత్తు డాక్టరు దగ్గు వచ్చినట్టు నటించాడు. ఆమె నరాన్ని చూసింది, మెష్ సరైన చోటనే వేసింది. నేర్పడం నాకు అంత చేతకాని పని కాదని అప్పుడు తెలిసింది.

బయటికి తోసుకొస్తుంటే తలుపు దగ్గర ఇంకో స్ట్రెచర్ మీద రెడ్డెప్ప ఉన్నాడు. "ఎట్లుండాది సారూ?" అన్నాడు ఆత్రంగా.

నేను బుద్ధి లేకుండా నిజం చెప్పాను. "కాళ్ళు తెలియడం లేదప్పా."

రెడ్డెప్ప స్ట్రెచర్ మీద నుంచి దూకబోయాడు. "కాళ్ళు పోయినాయా! నరసింహులూ, పదరా పోదాం!" ఇన్నాళ్ళ కష్టం ఒక్క మాటతో మట్టి కొట్టుకుపోయేది. నరసింహులు, ఇద్దరు వార్డు బాయ్‌లు అతన్ని పట్టుకుంటే, నేను పడుకునే వివరించాను. సూది మత్తు నడుము కిందికి ఉంటుంది, మధ్యాహ్నానికి కాళ్ళు వస్తాయి, నీకూ పోతాయి, నీకూ వస్తాయి, అన్నాను. అతను నా కాళ్ళను, నా మొహాన్ని మార్చి మార్చి చూశాడు. "రాకుంటే నిన్ను ఇడిసిపెట్టను సారూ," అని పడుకున్నాడు.

అతని పేగు లోపల కమిలి ఉంది గాని రంగు తిరిగింది, కోసి తీసేయాల్సిన పని లేకపోయింది. ఇంకోసారి ఇరుక్కుని ఉంటే చెప్పలేం సార్, అని మాధవి వార్డుకు వచ్చి చెప్పింది. నా కళ్ళు తడిశాయి. మత్తు ప్రభావమని చెప్పాను.

అతని పక్క మంచమే నాకూ వేశారు. సాయంత్రానికి ఇద్దరినీ లేపి నడిపించారు. దగ్గు వస్తే కుట్టు మీద దిండు అదుముకోవాలి, ముక్కకుండా విరేచనం అయ్యేట్టు తినాలి, నడక మానకూడదు, నెలన్నర దాకా బరువు ముట్టకూడదు. ఈ జాగ్రత్తలు ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. దగ్గినప్పుడు కుట్టు ఇంత నొప్పి పెడుతుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిస్తే కదా. రెడ్డెప్ప దగ్గితే నేను దిండు వెతుక్కునేవాణ్ణి, నేను దగ్గితే అతను.

అతని చోటు సంగతి మిగిలింది. మేస్త్రీ వార్డుకు వస్తే నా హోదా అంతా వాడి చెప్పి చూశాను. ముఠా పద్ధతి మారదన్నాడు. దారి నరసింహులే వెతికాడు. కింద కొత్తవాడితో జత కట్టడం మానేసి, లారీ మీదికెక్కి క్రేట్లు అందుకునే పనికి మారాడు. అతను ఎవరితోనూ జత కట్టలేదు కాబట్టి పాత జత విడిపోలేదు. రెడ్డెప్ప ఆ నెలన్నరా టమాటాలు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాడు. కాయలు సరిగా ఏరడం చేతకాదని వాళ్ళు అతన్ని ఏడిపించారట. ఇంట్లో నా పరిస్థితీ అంతే. సుగుణమ్మ నన్ను నీళ్ళ బిందె కాదు కదా, చెంబు కూడా ఎత్తనివ్వలేదు.

సెలవు ముగిశాక మార్కెట్టుకు పోయాను. రెడ్డెప్ప, నరసింహులు కింద జతగా క్రేట్లు ఊపుతున్నారు, ఊపిరి వదులుతూ. టీకొట్టు గోడ మీద నా ఫోటో అలాగే ఉంది. కింద పత్రికవాళ్ళు రాసింది కొట్టేసి, ఎవరో పెన్నుతో "ఇట్ల ఎత్తరాదు" అని రాశారు. కొత్తగా ముఠాలో చేరేవాళ్ళను రెడ్డెప్ప దాని ముందు నిలబెట్టి చెబుతాడట: "ఊపిరి బిగబట్టినాడు సూడు. నడుము తిప్పినాడు సూడు. పైన నవ్వతాండాడు సూడు. సారుకు ఆ దినమే పేగు జారింది." నా సదస్సులో నేను అంత బాగా చెప్పలేదు. ఫోటో తీసేయమని అడగాలని పోయినవాణ్ణి, టీ తాగి వచ్చేశాను.

రిటైరయ్యేదాకా, ఆపరేషన్ అంటే మొండికేసేవాళ్ళకు తెర లాగి నా కుట్టు చూపించేవాణ్ణి. అది చూశాక ఒప్పుకున్నవాళ్ళు చాలామంది. కుప్పంలో మునెప్పకు నేను ఎన్నోసార్లు చెప్పాను, చూపించడానికి అప్పుడు నా దగ్గర ఏమీ లేదు. రెడ్డెప్పకు చెప్పింది తక్కువ. అతని కంటే ముందు పోయి బల్ల మీద పడుకున్నాను.